విశ్వాసమునకు విరాసతు గలదా?



క్రిస్మసు పండుగకు రెండు మూడు దినములు ముందుగా నారాయణఖేడు నుండి మనూరు ప్రాంతమునకు వచ్చు బస్సులలో నిలుచుటకైనను చోటుండదు. హైదరాబాదులోను పటాన్‌చెరువులోను పనులు చేసికొను పిల్లలు సంచులు భుజమున వేసికొని దిగుదురు. పండుగనాడు పల్లెలోని గుడి నిండి, వాకిట చాపలు పరువవలసి వచ్చును. ముసలివారు ఆ కూటమిని చూచి, మన పిల్లలు దేవుని మరువలేదని సంతోషింతురు. ఆ సంతోషము తగదని నేననను. కాని ఆ దినమున మన లెక్కకు రానివారు రెండు విధములవారు గలరు. మొదటివారు గుడిలో లేరు. దసరా వెళ్లిన పిమ్మట చెరకు నరుకుటకు పోయి, ఏ కర్ణాటక దేశపు తోటలోనో, ఏ మహారాష్ట్రపు తోటలోనో కత్తి పట్టుకొని యున్నారు. రెండవవారు గుడిలోనే, మన ప్రక్కనే కూర్చుండి యున్నారు. వారు పాట పాడుచున్నారు. కొత్త బట్టలు కట్టుకొన్నారు. కాని ఈ దేవుడు తమ దేవుడా, తమ తాతగారి దేవుడా యను ప్రశ్నకు వారియొద్ద ప్రత్యుత్తరము లేదు. ఆ ప్రశ్నను వారి నడిగినవారును లేరు. నేటి ప్రసంగము ఈ రెండు విధముల యౌవనస్థులను గూర్చినది.

తండ్రి గతించిన పిమ్మట భూమిని కొడుకు పేరిట మార్చుటను మన ప్రాంతమున విరాసతు చేయించుట యందుము. కాగితములు సరిగా నుండి, అభ్యంతరము చెప్పువారు లేనియెడల భూమి కొడుకుదగును. అతడు ఎన్నడును నాగలి పట్టనివాడైనను పట్టాదారుడే. విశ్వాసమును గూడ మనము ఇట్లే తలచుచున్నాము. తాత బాప్తిస్మము పొందెను. తండ్రి సంఘపు పెద్ద. కాబట్టి మనుమడు క్రైస్తవుడు. సంఘపు రిజిస్టరులో అతని పేరు గలదు. ఇంక లోటేమి యని మన ధీమా.

పరిశుద్ధ గ్రంథము ఈ ధీమాను ఒప్పుకొనదు. యెహోషువయు, అతని కాలపు పెద్దలును చనిపోయిన పిమ్మట, దేవునినిగాని ఆయన చేసిన కార్యములనుగాని ఎరుగని మరియొక తరము పుట్టెనని న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. ఆ తరమువారు ఎడారినుండి వచ్చినవారు కారు. యొర్దాను దాటినవారి కడుపున పుట్టిన బిడ్డలే. మరియొక చోట ఇందుకు మారుగా నొక దృష్టాంతము గలదు. యోహాను సువార్తలో సమరయ స్త్రీ బావియొద్ద ప్రభువును కలిసికొని, ఊరిలోనికి పరుగెత్తి చాటెను. ఆమె మాటనుబట్టి ఊరివారు బయలుదేరి వచ్చిరి. కాని రెండు దినములు ఆయనతో గడపిన పిమ్మట వారామెతో, ఇకమీదట నీవు చెప్పినందువలన కాదు, మేమే విని తెలిసికొన్నాము, అని పలికిరి. ఆ స్త్రీ దీనిని అవమానముగా నెంచినట్లు గ్రంథములో లేదు. పెద్దలమైన మనము ఎదురుచూడవలసిన మాట అదియే. మన మనుమడు ఒకనాడు మనతో, తాతా, నీవు చెప్పితివని కాదు, నేనే తెలిసికొంటిని, అనవలెను.

మన ప్రాంతపు సంఘముల చరిత్రను కొంచెము జ్ఞాపకము చేసికొందము. నారాయణఖేడు ప్రాంతము 1956 వరకు బీదరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తూర్పున మెదకులో ఇంగ్లాండునుండి వచ్చిన వెస్లియను మెథడిస్టులును, పడమట బీదరు వైపున అమెరికానుండి వచ్చిన మెథడిస్టులును సువార్త పని చేసిరి. మెదకు వైపువారు 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడిన దక్షిణ హిందూదేశ సంఘములో చేరిరి. అమెరికా వారి పనివలన వచ్చిన సంఘములు 1981లో భారత మెథడిస్టు సంఘముగా నేర్పడెను. నేడు పేర్లు వేరైనను రెంటికిని మూలపురుషుడు జాన్ వెస్లీయే. ఆయనను గూర్చి ముందు చెప్పెదను.

మెదకు గుడిని చూడనివారు మనలో అరుదు. పాస్నెట్టు దొరగారి పూనికతో 1914లో పని ఆరంభమై, 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. కరవు కాలమున వేలకొలది జనులు ఆ కట్టడమున పనిచేసి కడుపు నింపుకొనిరి. ఆ కాలమున ఒక్కొక్కరుగా కాక, పేటలకు పేటలుగా జనులు సంఘములో చేరిరి. వారు కూటికొరకు చేరిరని నిందించువారు అప్పుడు నుండిరి, ఇప్పుడును గలరు. ఈ నిందకు నేను వేరుగా సమాధానము చెప్పను. పికెట్టు అను మెథడిస్టు దొరగారు హిందూదేశమందలి ఇట్టి సామూహిక ఉద్యమములను పరిశీలించి 1933లో ఒక గ్రంథము ప్రకటించిరి. జనులు ఏ కారణముచేత వచ్చిరన్నదానికంటె, వచ్చిన పిమ్మట వారికి ఏ బోధ, ఏ ఆరాధన, ఏ పోషణ దొరికినదన్నదే వారి విశ్వాసపు బలమును నిర్ణయించినదని ఆయన కనుగొనెను. ఆ మాట మన తాతలకు ఎట్లు వర్తించెనో, మన మనుమలకు గూడ అట్లే వర్తించును. మన మనుమలు ఎందుకు వచ్చిరి? పుట్టిరి, కాబట్టి వచ్చిరి. వచ్చిన పిమ్మట మనమేమి పెట్టితిమి?

మన తాతలకు ఒక మేలుండెను. బాప్తిస్మము పొందినందుకు వారు కొంత వెల చెల్లించిరి. ఊరి దేవతల పండుగలలో డప్పు కొట్టమని నిరాకరించినందుకు కొందరు కూలి పోగొట్టుకొనిరి. బావియొద్దను, రచ్చయొద్దను మాటలు పడిరి. వెల చెల్లించినవాడు వస్తువును ఎరుగును. మన పిల్లలకు అది ఉచితముగా వచ్చినది. దానికి వారు దోషులు కారు. అయినను ఉచితముగా వచ్చినది తమదో కాదో తెలిసికొను సందర్భము వారికి మనము కల్పింపలేదు.

ఇచ్చట నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. నేను చిన్న వయస్సున ఒక పల్లెలో ఆదివార పాఠశాల నడిపితిని. ప్రశ్నోత్తరావళిని పిల్లలచేత వల్లె వేయించుటలో నాకు పేరుండెను. ఒక బాలుడు మొదటి ప్రశ్న మొదలు చివరి ప్రశ్న వరకు అక్షరము తప్పక అప్పగించెను. పాస్టరుగారి చేతిమీదుగా వానికి క్రొత్తనిబంధన బహుమానముగా ఇప్పించితిని. చాల ఏండ్లకు నారాయణఖేడు బస్సుస్టాండులో వాడు కనబడెను. ఎండకు నల్లబడి, చేతులు చెరకు ఆకు కోసికొనిన గీతలతో నుండెను. భార్య, ఇద్దరు బిడ్డలు, మూటలు వానితో నుండిరి. పలుకరించి, ప్రార్థన చేసికొనుచున్నావా, బిడ్డా, యని యడిగితిని. వాడు కొంతసేపు నేల చూచి యిట్లనెను: "అయ్యగారూ, మీరడిగిన ప్రశ్నలన్నిటికి నేను జవాబు చెప్పితిని. నేనడిగినది ఒక్కటే. అది మీరు వినలేదు."

నాకు జ్ఞాపకము లేదు. వాడే జ్ఞాపకము చేసెను. ఆ సంవత్సరము వాని చెల్లెలు జ్వరముతో చనిపోయినది. ఇంటిల్లపాది మూడు దినములు ప్రార్థించిరి. ఆదివారమున పాఠశాలలో, దేవుడు ఎందుకు వినలేదని వాడు నన్నడిగెనట. అది నేటి పాఠములో లేదు, కూర్చుండుమని నేనంటినట. అంటిని కాబోలు, ఆ దినములలో నేను అట్లే అనుచుంటిని. ఆ బస్సుస్టాండులోనైనను నాయొద్ద సరియైన జవాబు లేదు. చెల్లెలి పేరేమని మాత్రము అడిగితిని. వాడు చెప్పెను. బస్సు వచ్చువరకు ఆ పిల్లను గూర్చియే చెప్పుచుండెను, నేను వినుచుంటిని. పోవునప్పుడు తన ఫోను సంఖ్య నాకు తానే ఇచ్చెను.

ప్రశ్నోత్తరావళి అక్కరలేదని దీనివలన మీరు తలంపవద్దు. కంఠస్థమైన వాక్యము కష్టకాలమున పైకి వచ్చుట నేను చూచియున్నాను. కాని జవాబులు నేర్పుట వేరు, ప్రశ్న వినుట వేరు. మనము మొదటిదానినే బోధ యనుకొంటిమి.

సమూయేలు కథ మీకు తెలిసినదే. మనము దానిని పిల్లలకు చెప్పుచుందుము. నిజమునకు అది పెద్దలకు చెప్పవలసిన కథ. ఆ బాలుడు పాలు విడిచిన నాటినుండి మందిరములోనే పెరిగెను. దీపము వెలుగుచోటనే పండుకొనుచుండెను. అయినను వాడప్పటికి యెహోవాను ఎరుగకుండెనని గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది. మందిరములో నివసించియు దేవుని ఎరుగక యుండుట సాధ్యమేనని దీనివలన తెలియుచున్నది. రాత్రి పిలుపు వినబడగానే వాడు ఏలీ యొద్దకు పరుగెత్తెను. బాలుడు దేవుని స్వరమును పెద్దవాని స్వరమనుకొనెను. మన పిల్లలు చేయునదియు ఇదియే; వారికి దేవుడనగా మన గద్దింపు. మూడవ మారు ఏలీ గ్రహించెను. అప్పుడు ఆయన, నీ తరపున నేను పోయి మాటలాడి వచ్చెదనని చెప్పలేదు. పోయి పండుకొనుము, మరల పిలిచినయెడల నీవే వినుచున్నానని పలుకుమని నేర్పి పంపెను. తన కుమారుల విషయమున తప్పిపోయిన ఏలీ ఈ యొక్క విషయమున మాత్రము గొప్ప ఉపాధ్యాయుడు.

తెల్లవారిన పిమ్మట జరిగినది మరింత కష్టమైనది. బాలుడు విన్న వర్తమానము ఏలీ యింటికి విరోధమైనది. బాలుడు చెప్పుటకు భయపడెను. ఏలీ ఏమియు దాచవద్దని బలవంతపెట్టి, అంతయు విని, అది దేవుని మాటయని ఒప్పుకొనెను. మన సంఘములలోని పిల్లలకు దేవుడు మనలను గూర్చి ఏమైన చెప్పినయెడల, దానిని మన యెదుట పలుకుటకు వారికి తావు గలదా? వారి నోట రాగల మాటలు కొన్ని నేనెరుగుదును. సంఘపు ఎన్నికలు వచ్చినప్పుడు అన్నదమ్ములు రెండు పక్షములై, ఒకరి యింట ఒకరు మంచినీళ్లైనను ముట్టరేమి? గుడి భూమిని గూర్చి కోర్టుకు పోయినవారే ప్రభురాత్రి భోజనపు వరుసలో ముందు నిలుతురేమి? క్రీస్తునందు భేదము లేదని ఆదివారము పాడి, సోమవారము పెండ్లి సంబంధమున ఉపకులము విచారింతురేమి? సెల్‌ఫోను పిల్లలను పాడుచేసినదని మనము సులభముగా అనుచున్నాము. సెల్‌ఫోను వలన కీడు లేదని నేననను. కాని వెనుక బల్లపై కూర్చుండిన పదునారేండ్ల పిల్లవాడు మన పంచాయతీలను ఫోనులో చూడలేదు, గుడిలోనే చూచెను.

ఇక వెస్లీగారి మాట. ఆయన 1703లో ఇంగ్లాండులోని ఎప్‌వర్తు అను చిన్న ఊరిలో పాస్టరుగారి యింట పుట్టెను. తాను 1728లో గురువుగా అభిషేకము పొందెను. ఉపవాసములు, చెరసాల దర్శనములు, గ్రంథ పఠనము, ఏదియు విడువలేదు. అమెరికాలోని జార్జియాకు పనికై ఓడలో పోవుచుండగా 1736లో గొప్ప తుపాను పట్టెను. అందరు కేకలు వేయుచుండగా, మొరేవియను అను జర్మను భక్తులు, వారి ఆడవారును పిల్లలును గూడ, నిమ్మళముగా పాడుచుండిరి. గురువైన వెస్లీకి ఆ నిమ్మళము లేకుండెను. తనకు లేనిది వారికేదో గలదని ఆయన తెలిసికొనెను. రెండేండ్ల పిమ్మట, 1738వ సంవత్సరము మే 24వ తేదీ రాత్రి, లండనులోని ఒక చిన్న కూటములో ఎవరో లూథరు వ్రాతను చదువుచుండగా, క్రీస్తు తన పాపములనే, తనవే, తీసివేసెనను నిశ్చయము ఆయనకు కలిగి, హృదయము వెచ్చబడెను. అప్పటికి ఆయనకు ముప్పదినాలుగేండ్లు, గురువై పదేండ్లు. పాస్టరుగారి కుమారుడు, తానే గురువు, అట్టివానికే విరాసతు చెల్లలేదు.

అయితే ఆయన తలిదండ్రుల ప్రయాస వ్యర్థమా? కాదు. తల్లి సుసన్నమ్మగారికి పందొమ్మండుగురు బిడ్డలు పుట్టి, పదుగురు బ్రతికిరి. ఇంటిలో అప్పులు, పేదరికము. ఒకమారు ఇల్లు కాలిపోయెను. అట్టి ఇల్లాలు వారమునకు ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, వానిని ఏకాంతముగా కూర్చుండబెట్టుకొని మాటలాడుచుండెను. గురువారము జానుది, శనివారము చిన్నవాడైన చార్లెసుది. ఆయన పెద్దవాడై, ఆక్సుఫర్డు విద్యాలయములో పండితుడైన పిమ్మట గూడ, ఆ గురువారపు సాయంకాలము తనకొరకు ఇంకను వినియోగింపుమని తల్లికి జాబు వ్రాసెను. ఆమె బిడ్డలకు ప్రసంగములు చేసినదని గాక, గంటసేపు ఒక బిడ్డకే చెవి యొగ్గినదని నేను మీకు చెప్పుచున్నాను. మన యిండ్లలో కుటుంబ ప్రార్థన జరుగుచోట్ల కూడ, పాట, వాక్యము, పెద్దవాని దీర్ఘ ప్రార్థన, అంతటితో దీపమార్పుట. పిల్లవాడు నోరు తెరచు తావు ఎచ్చటను లేదు.

వెస్లీగారి రెండవ సాధనము మన పల్లెలకు మరింత తగినది. బ్రిస్టలు పట్టణమున గుడి కట్టిన అప్పు తీరలేదు. 1742లో ఒక కూటమున, ప్రతివాడును వారమునకు ఒక్క పెన్నీ, అనగా అణావంటి చిన్న నాణెము, ఇయ్యవలెనని ఒకడనెను. అంత ఇయ్యలేని పేదలు గలరని మరియొకడనెను. అందుకు మొదటివాడు, పేదవారిని పదునొకండుగురిని నాకు అప్పగింపుడు, నేను వారమువారము వారి యిండ్లకు పోయెదను, ఇయ్యలేనివానికి నేనే చెల్లించెదనని పలికెను. అట్లే పండ్రెండుగురికి ఒక నాయకుడుగా సంఘమంతయు భాగింపబడెను. వసూలుకు ఇల్లిల్లు తిరిగిన నాయకులు చిత్రమైన సంగతులు తెచ్చిరి: ఒకడు త్రాగుచున్నాడు, ఒకతె దుఃఖములో నున్నది, ఒకనికి విశ్వాసమే సన్నగిలినది. వెస్లీ దానిని చూచి, మనకు ఇన్నాళ్లు కావలసినది ఇదియేయని గ్రహించెను. అప్పు తీర్చుటకు పుట్టిన పద్ధతి ఆత్మలను కాచు పద్ధతియయ్యెను. మెథడిస్టు సంఘములలో క్లాసు నాయకుడను పేరు దీనినుండియే వచ్చినది. మనలో ఆ పేరు కొన్నిచోట్ల మిగిలినది; పని మిగిలినచోట్లు తక్కువ.

కాబట్టి నా మనవి యిది. మీ సంఘములో పదునాలుగు మొదలు ఇరువదియైదేండ్ల వరకు గలవారి పేర్లు ఒక కాగితముమీద వ్రాయుడు. చిన్న పల్లెలో ఇరువదియో ముప్పదియో యుండును. పది పండ్రెండుగురికి ఒక పెద్దను నియమింపుడు. ఎక్కువ చదువుకొన్నవానిని గాని, ఎక్కువ ప్రసంగించువానిని గాని ఎన్నవలదు. రహస్యము దాచగలవానిని ఎన్నుడు. పిల్లవాడు తన సందేహము చెప్పిన మరునాడే అది హోటలు బల్లపై వినబడినయెడల, ఆ ఊరిలో మరియొక పిల్లవాడు నోరు తెరవడు. ఆడపిల్లలకు స్త్రీయే పెద్దగా నుండవలెను. వారి విషయము వేరుగా చెప్పవలసినది గలదు: పెండ్లియై వేరొక ఊరికి, తరచుగా వేరొక సంఘమునకు, ఒక్కొక్కమారు ప్రార్థన లేని యింటికి పోవలసినవారు వారే. పుట్టింటి గుడి, పుట్టింటి పాస్టరు, తల్లి ప్రార్థన వెంట రావు. ఎవరి విశ్వాసము వారి కాళ్లపై నిలువవలెననుట కొడుకులకంటె కూతుండ్రకు మరింత అక్కర. అయినను మన శ్రద్ధ కొడుకులమీదనే యున్నది.

ఆ పెద్ద ఏమి చేయవలెను? వారమున కొకనితో నొకమారు, పొలము గట్టుననో, అరుగుమీదనో, పావుగంట మాటలాడవలెను. ఏమి చదివితివి యని గాక, ఏమి తోచినదని అడుగవలెను. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు తెలియదనవలెను. ప్రక్కింటి మిత్రుడు హనుమంతుని కొలుచుచున్నాడు, మరియొకడు నమాజు చేయుచున్నాడు, వారు నాకంటె మంచివారు, ఇదెట్లని పిల్లవాడు అడుగును. మన ప్రాంతమున తెలుగు, కన్నడము, మరాఠీ, ఉరుదూ మాటలాడు నానా మతములవారు కలిసి బ్రతుకుచున్నారు. ఈ ప్రశ్న రాక మానదు. అట్టి యెడ పొరుగువాని నిందించి పిల్లవాని విశ్వాసమును నిలుపజూచుట పిరికి పని. మంచివానిని మంచివాడని ఒప్పుకొని, క్రీస్తునందు నాకు దొరికినది ఇది, యని తన సాక్ష్యము చెప్పిన చాలును. ఆ సాక్ష్యము పెద్దయొద్ద నుండవలెననుట నిజమే. ఇచ్చట మనలో పెక్కండ్రము తడబడుదుము.

విన్న పిమ్మట పని యియ్యవలెను. దోర్నకల్లు బిషపు అజరయ్యగారి జీవితము ఇందుకు నిదర్శనము. తిరునల్వేలి సీమలో పల్లెటూరి పాస్టరుగారి యింట 1874లో పుట్టి, ఇరువది యొకటవ యేటనే యౌవనస్థుల క్రైస్తవ సమాజములో సేవకుడై, తోడి యువకులతో కలిసి 1903లో తిరునల్వేలి హిందూదేశ మిషనరీ సంఘమును స్థాపించెను. ఆ సంఘపు పనికే తమిళ దేశము విడిచి, తెలుగు నేర్చుకొని, దోర్నకల్లు వచ్చెను. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషపుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘములో మొదటి హిందూదేశ బిషపు ఆయనయే. అప్పటికి ముప్పదియెనిమిదేండ్లవాడు. ఈ బిషపుగారు పల్లెలలో కొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త ప్రకటింపనియెడల నాకు శ్రమ, యను అర్థముగల మాటలు పలికించుచుండెను. చదువురాని కూలివానికి గూడ మొదటి దినముననే పని అప్పగించెను. మనము నలువది యేండ్లు నిండిన పిల్లవానిని గూడ యువకుడని పిలిచి, కుర్చీలు మోయుటకును, పండుగకు దీపములు కట్టుటకును మాత్రము వాడుకొనుచున్నాము.

కానుక పెట్టె లెక్కను ఇరువదియేండ్ల పిల్లచేత వ్రాయించి, నెలకొకమారు సంఘము యెదుట చదివింపుడు. రోగి యింటికి పోవునప్పుడు ఒక యువకుని వెంట తీసికొనిపోయి, ప్రార్థన వానిచేత చేయింపుడు; మాటలు తడబడినను దిద్దవలదు. పెద్దల సభలో ఇరువురు యౌవనస్థులకు కూర్చుండుటకే కాక, ఓటు వేయుటకును అధికారమిండు. ఇట్లు చేసినయెడల కొన్ని పనులు చెడును. లెక్కలో తప్పు వచ్చును. ఒక పాట రాగము తప్పును. మనము పాడుచేసిన వానితో పోల్చినయెడల అవి పెద్దవి కావు.

ఒక భయము మీ మనస్సున నున్నదని నేనెరుగుదును. అడుగుటకు తావిచ్చినయెడల, ఒకడు లేచి, నాకు విశ్వాసము లేదని చెప్పునేమో. చెప్పవచ్చును. అట్టివానిని బలవంతముగా కన్ఫర్మేషనుకు నిలిపి, బిషపుగారి చేయి తలపై పెట్టించుటవలన ఒరుగునదేమి? బాప్తిస్మపు ప్రమాణమును తన నోట తాను స్థిరపరచుకొనుటయే ఆ సంస్కారపు అర్థము. పెండ్లి కాగితము కొరకు దానిని జరిపించుట కొన్నిచోట్ల వాడుకయైనది. అది అబద్ధమును బలిపీఠమునొద్ద నేర్పుటగును. నాకింకను నిశ్చయము లేదని నిజము పలికిన పిల్లవాడు, వల్లించి పలికిన పిల్లవానికంటె దేవునికి దూరస్థుడని నేను తలంపను. వానిని ఇంటినుండి గాని, భోజనపు పంక్తినుండి గాని వెలివేయవలదు. వాని గురువారము వానికి ఉండవలెను. తప్పిపోయిన కుమారుని తండ్రి వెదకుచు పోలేదు గాని, దారివైపు చూచుట మానలేదు.

చెరకు పనికి పోవువారిని గూర్చి చెప్పి ముగించెదను. వారు పోవునది దసరా దీపావళుల వేళ. మరలివచ్చునది ఉగాదికి అటునిటు. క్రిస్మసు, నూతన సంవత్సరము, ఒక్కొక్కయేడు శ్రమదినములు గూడ వారికి తోటలోనే గడచును. గుడిసెలు చెరకు ఆకుతో వేసికొని, తెల్లవారుజామున మూడు గంటలకే లేచి బండ్లకు ఎత్తుదురు. వారితో పాస్టరు పోడు, గుడి పోదు. అక్కడ ఏమైన ఆరాధన జరిగినయెడల అది వారిలో నెవడైన యువకుడు జరుపవలసినదే. కాబట్టి వారు బయలుదేరుటకు ముందటి ఆదివారమున, ముఠాలో నొక యువకుని, లేక యువతిని, సంఘము ముందర నిలిపి ప్రార్థించి, ఒక క్రొత్తనిబంధనయు, ఒక క్రైస్తవ కీర్తనల పుస్తకమును చేతికిండు. ఆదివారము రాత్రి పని ముగిసిన పిమ్మట పొయ్యి చుట్టు కూర్చుండి, ఒక పాట, పది వచనములు, ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యముగా ప్రార్థన. ఇంతే చాలునని చెప్పుడు. పండ్రెండుగురి పెద్ద ఆ రాత్రి ఫోను చేయవలెను. మనము నిందించు ఆ ఫోనే ఇచ్చట మనకు వాహనము. తోటలో సిగ్నలు దొరకని దినములుండును, మరునాడు చేయవలెను. కూలి ముట్టినదా, బిడ్డకు జ్వరము తగ్గినదా యని ముందు అడిగి, పిమ్మట వాక్యము అడుగవలెను.

ఈ యేటి ముఠాలు బయలుదేరుటకు ముందే పేర్ల కాగితము వ్రాయుట మంచిది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిన దినముననే ఎవరెవరు పోవుచున్నారో ఊరిలో తెలిసిపోవును.